లెక్క ఎవరి చేతిలో ఉంది? షావుకారు చిట్టా నుంచి సీఏ సంతకం దాకా



ఇది పెద్ద పోస్టు. ఒకేసారి చదవలేకపోతే రెండు దఫాలుగా చదవండి, కానీ చివరిదాకా చదవండి. మేము విశాఖలో హాస్టల్లో ఉండి బీకాం చదువుతున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదటివాళ్లం.

మన గ్రూపులో ఇంటర్ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, తర్వాత ఏం చదవాలి?" జవాబులు కూడా ప్రతి ఏడాదీ అవే. డీఎస్సీ, కానిస్టేబుల్, నర్సింగ్, బీట్ ఆఫీసర్, గ్రూప్స్. అన్నీ మంచివే, కాదనం. కానీ చార్టర్డ్ అకౌంటెంట్ అనే మాట ఎవరి నోటా రాదు. ఎవరైనా అన్నా "అది షావుకార్ల పిల్లల చదువు, మనకెందుకురా" అని నవ్వేసి వదిలేస్తాం. ఆ నవ్వు వెనక ఒక చరిత్ర ఉంది. లెక్క రాసే పుస్తకం మన చేతికి ఎందుకు రాలేదు, రాకపోవడం వల్ల మనకి ఏం పోయింది అన్నదే ఆ చరిత్ర. దాన్ని మాకు తెలిసినంతలో రాస్తున్నాం.

ఆడిటర్ అంటే వినేవాడు

మన దగ్గర సీఏని "ఆడిటర్ గారు" అంటారు. ఆ మాట లాటిన్ భాషలో "వినడం" అనే మాట నుంచి వచ్చింది. పాతకాలంలో ఎక్కువమందికి చదువు లేదు. డబ్బు చూసుకునేవాడు లెక్కని గట్టిగా చదివి వినిపించేవాడు. పెద్దలు కూర్చొని విని, ఎక్కడ తేడా ఉందో పట్టుకొనేవాళ్లు. అంటే ఆడిట్ మొదట్లో కాగితం మీద పుట్టలేదు, నలుగురి ముందు చెప్పుకొనే మాటగా పుట్టింది. మన ఊళ్లలో పండగ అయ్యాక చందా లెక్క నలుగురి ముందు చెప్తారు కదా, అదీ అలాంటిదే. కాబట్టి ఆడిట్ అనే పని మనకి కొత్తది కాదు. మనకి కొత్తగా వచ్చింది పుస్తకం.

జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి రెండూ సమానం అయ్యేలా చూసే పద్ధతిని 1494లో వెనిస్‌లో లూకా పచోలీ అనే సన్యాసి పుస్తకంలో వివరంగా అచ్చు వేయించాడు. వ్యాపారులు అంతకు ముందు నుంచే వాడుతున్నారు. మన తెలుగు నేల మీద కూడా చిట్టా, ఆవర్జా అనే మాటలు పాతవే. రోజువారీ రాసేది చిట్టా, పేరు పేరునా విడగొట్టి రాసేది ఆవర్జా. ఈ రోజు అకౌంట్స్ క్లాసులో జర్నల్, లెడ్జర్ అని చెప్పేవాటికి ఇవి దగ్గరి చుట్టాలే. మైదాన గ్రామాల్లో ఈ పని కరణం చేసేవాడు. అది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఉద్యోగం. ఆ వంశపారంపర్య పద్ధతిని ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో రద్దు చేసింది. అంటే మన అమ్మానాన్నలు పుట్టిన కాలం వరకూ లెక్క రాయడం ఒక కుటుంబపు ఆస్తిలాగే ఉండేదన్నమాట.

మన్యంలో లెక్క

ఇప్పుడు కొండ మీదకి వద్దాం. 1839లో ఈస్ట్ ఇండియా కంపెనీ ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలని మామూలు కోర్టుల నుంచి తీసేసి "గవర్నర్ ఏజెంట్" కింద పెట్టింది. మనం ఇప్పటికీ "ఏజెన్సీ" అంటున్న మాట అక్కడిదే. ముఠాదారు పన్ను వసూలు చేసి పైకి కట్టేవాడు. ఎంత వసూలు చేశాడు, ఎంత కట్టాడు అన్నది పన్ను ఇచ్చిన రైతుకి ఎవరూ చదివి వినిపించలేదు.

రెండో లెక్క సంతది. చింతపండు, పిప్పళ్లు, తేనె, కరక్కాయ, అడ్డాకులు కొండ దిగేవి. ఉప్పు, కిరసనాయిలు, బట్ట, ఎండుచేపలు కొండ ఎక్కేవి. మన పెద్దలు చెప్పే మాట అందరికీ తెలిసిందే: కొనేటప్పుడు పెద్ద కుంచం, అమ్మేటప్పుడు చిన్న కుంచం. కొలతలో మోసం కంటికి కనిపిస్తుంది, అడగొచ్చు, గొడవ పెట్టుకోవచ్చు. చిట్టాలో మోసం కనిపించదు. అప్పు ఎంత తీసుకున్నాం, ఎంత తీర్చాం, వడ్డీ ఏ లెక్కన కట్టారు అన్నది షావుకారు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం ఆయన ఇంట్లో ఉంటుంది. మన వేలిముద్ర మాత్రం అందులో ఉంటుంది. అప్పు తీరక మనిషే పాలేరుగా ఉండిపోయే గొత్తి పద్ధతి ఇక్కడి నుంచే పెరిగింది.

ప్రభుత్వానికి ఇది తెలియదా అంటే తెలుసు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపు చట్టం తెచ్చింది. కొండ జాతుల మనిషి మీద ఏడాదికి 24 శాతానికి మించి వడ్డీ వేయకూడదు. చక్రవడ్డీ కూడదు. మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. అంటే 100 రూపాయలు అప్పు తీసుకుంటే ఎన్నేళ్లు గడిచినా 200కి మించి అడగడానికి వీల్లేదు. 1940లో గొత్తిని రద్దు చేస్తూ ఇంకో రెగ్యులేషన్ వచ్చింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్, అప్పుల నుంచి ఉపశమనం ఇచ్చే రెగ్యులేషన్ వచ్చాయి.

చట్టాలు చదువుతుంటే బాగానే ఉన్నాయనిపిస్తుంది. మరి ఎందుకు పని చేయలేదు? 200 దాటి కట్టేశానని కోర్టులో చెప్పాలంటే, ఎంత కట్టావో చూపించాలి. రసీదు లేదు. చిట్టా ఎదుటివాడి దగ్గర ఉంది. దాన్ని తెప్పించినా చదివి, కూడి, తప్పు ఇక్కడ ఉంది అని చెప్పే మనిషి మన పక్షాన లేడు. చట్టం మన వైపు ఉన్నా లెక్క వాళ్ల వైపు ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతా పోస్టు అంతా దీని మీదే నడుస్తుంది.

1922 నాటి మన్యం తిరుగుబాటుని కూడా ఒకసారి ఈ కోణంలో చూడండి. అడవి మీద ఆంక్షలు, ముఠాదారుల అసంతృప్తి, ఇవన్నీ మనం చదివినవే. దానితో పాటు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పని ఉంది. గూడెం తహశీల్దారుగా ఉన్న బాస్టియన్ ఆ పనిలో కూలీ సరిగా ఇవ్వలేదని, బలవంతంగా పని చేయించాడని చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఈ రోజు భాషలో చెప్పాలంటే అది మస్టర్ సమస్య. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత రావాలి, ఎంత ఇచ్చారు అని అడిగి లెక్క తేల్చుకునే చోటు లేకపోయింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వాళ్ల మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. అదే మల్లు దొర స్వతంత్రం వచ్చాక 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి వెళ్లారు.

1956లో గిరిజనుల సహకార సంస్థ విశాఖ కేంద్రంగా మొదలైంది. మనం జీసీసీ అని పిలిచేది. షావుకారు బదులు ప్రభుత్వ సంస్థ కొంటుంది, అమ్ముతుంది, తూకం సరిగా ఉంటుంది అన్నది ఉద్దేశం. అది నిజంగా పెద్ద మార్పు. జీసీసీ లోటుపాట్ల మీద మన గ్రూపులో చాలా చర్చ జరిగింది, మళ్లీ రాయం. ఒక్కటి మాత్రం అడుగుతాం: దాని వార్షిక లెక్కలు మనలో ఎంతమంది తెరిచి చూశాం?

పట్నంలో లెక్క

కొండ మీద ఇలా ఉంటే పట్నంలో ఆడిటర్ అనే వృత్తి ఎలా పుట్టిందో చూద్దాం. "చార్టర్డ్" అంటే రాజు ఇచ్చిన అధికార పత్రం ఉన్నవాడని అర్థం. 1854లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో అకౌంటెంట్ల సంఘానికి అలాంటి పత్రం దొరికింది. మన దేశంలో 1913 కంపెనీల చట్టం వచ్చాక, కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్‌కి ఫలానా అర్హత ఉండాలి అన్న నియమం వచ్చింది. 1918లో బొంబాయిలో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ, క్లుప్తంగా జీడీఏ, మొదలైంది. అది చదవాలంటే అనుమతి ఉన్న అకౌంటెంట్ దగ్గర మూడేళ్లు ఆర్టికల్డ్ క్లర్కుగా పని చేయాలి. ఆ రోజుల్లో పని నేర్పినందుకు కుర్రాడే ఎదురు డబ్బు కట్టేవాడు, దాన్ని ప్రీమియం అనేవాళ్లు. ఎదురు డబ్బు, మూడేళ్ల పట్నం తిండి, ఇంగ్లీషు. ఈ మూడూ ఎవరింట్లో ఉంటాయో వాళ్ల పిల్లలే ఆడిటర్లు అయ్యారు. "షావుకార్ల పిల్లల చదువు" అన్న మాట గాల్లోంచి రాలేదు. తెలివి ఎక్కువై కాదు, తలుపు దగ్గరే డబ్బు అడిగారు కాబట్టి.

అయినా ఆ తలుపు తోసుకొని వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆర్. శివభోగం గారి గురించి మన చెల్లెళ్లకి తప్పకుండా చెప్పాలి. మద్రాసు ఆవిడ. అప్పుడు మన విశాఖ జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే. స్వాతంత్ర్య పోరాటంలో ఏడాది జైల్లో ఉన్నారు. 1933లో జీడీఏ పాసై దేశంలోనే మొదటి మహిళా అకౌంటెంట్ అయ్యారు. పాసయ్యాక కూడా ఆపారు. జైలుకి వెళ్లినవాళ్లు ప్రాక్టీసు చేయకూడదని నియమం అడ్డం పెట్టారు. ఆవిడ కోర్టుకెళ్లి గెలిచి 1937లో సొంత ప్రాక్టీసు పెట్టారు. 1955 నుంచి 1958 వరకు దక్షిణ ప్రాంత మండలికి అధ్యక్షురాలిగా ఉన్నారు. మొదటి మనిషికి దారి ఎవరూ పరిచి ఉంచరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి.

1932 నుంచి ప్రభుత్వం రిజిస్టర్డ్ అకౌంటెంట్ల జాబితా నడిపింది. స్వతంత్రం వచ్చాక చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాజ్యాంగం అమల్లోకి రావడానికి ఆరు నెలలకి పైగా ముందే ఈ సంస్థ ఉంది. అందుకే జూలై 1ని సీఏ డే అంటారు. విశాఖలో కూడా దానికి బ్రాంచ్ ఉంది.

యారాడ కొండ మీద నుంచి చూస్తే

పోయిన కార్తీకంలో హాస్టల్ వాళ్లం పిక్నిక్‌కి యారాడ వెళ్లాం. సింధియా దగ్గర నుంచి కొండ ఎక్కి దిగితే వచ్చే ఊరు అది. మూడు పక్కలా కొండలు, ఒక పక్క సముద్రం. ఊరివాళ్లది చేపల వేట, వ్యవసాయం. ఆ కొండ మీద నుంచి చూస్తే ఇటు హార్బర్, షిప్‌యార్డు, రిఫైనరీ, అటు గంగవరం పోర్టు, స్టీల్ ప్లాంటు. ఒకే చూపులో విశాఖ ఆర్థిక చరిత్ర మొత్తం కనిపిస్తుంది. అకౌంట్స్ చదివేవాళ్లం కదా, మాకు అదంతా బ్యాలెన్స్ షీట్లలాగే కనబడింది.

హార్బర్‌లోకి 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ వచ్చింది, డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ పోర్టుని లాంఛనంగా తెరిచాడు. సింధియా అనే పేరు రాజుగారిది అనుకుంటాం కానీ ఇక్కడికి వచ్చింది కంపెనీ పేరుగా. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ షిప్‌యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన జల ఉష ఓడని 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దించారు. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్. స్టీల్ ప్లాంటు కోసం 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 32 మంది ప్రాణాలు పోయాయి. 64 గ్రామాలు భూములిచ్చాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది, 1982లో ఆర్‌ఐఎన్‌ఎల్ కంపెనీ ఏర్పడింది, 1992 ఆగస్టులో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు.

మన కొండలు ఈ లెక్కల్లో లేవా అంటే ఉన్నాయి. 1960లలో వేసిన కొత్తవలస–కిరండోల్ లైను మన అనంతగిరి, అరకు మీదుగానే పోతుంది. బైలాడిలా ఇనుప రాయి మన ఊళ్ల ముందు నుంచి దిగి ఈ పోర్టులో ఓడెక్కి జపాన్ వెళ్లింది. ప్రతి వ్యాగన్ తూకం వేశారు, ప్రతి టన్నూ పుస్తకంలో ఎక్కింది. ఆ లైను ఏ ఊళ్ల మధ్య నుంచి వేశారో ఆ ఊళ్లు ఏ పుస్తకంలోనూ ఒక పద్దుగా ఎక్కలేదు.

ఈ కంపెనీల లెక్కలు ఎవరు చూస్తారు? స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు లాంటి ప్రభుత్వ కంపెనీలకి ఆడిటర్‌ని కంపెనీ తనకి తాను ఎంచుకోదు. కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, ఒక సీఏ సంస్థని నియమిస్తుంది. ఆ సీఏ నివేదిక ఇచ్చాక కాగ్ మళ్లీ అదనంగా చూసి వ్యాఖ్యలు రాయొచ్చు. గంగవరం లాంటి ప్రైవేటు కంపెనీకైతే వాటాదారులు ఆడిటర్‌ని పెట్టుకుంటారు. ఆ పోర్టు కోసం తీరం వదులుకున్న గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు వాటాదారులు కాదు కాబట్టి ఆ ఎంపికలో వాళ్ల మాట లేదు.

స్టీల్ ప్లాంటులో బొగ్గు, ఇనుప రాయి గుట్టలుగా పోసి ఉంటాయి. ఏడాది చివర ఎంత సరుకు ఉందో ఎలా తేలుస్తారు? గుట్టని తూచలేరు కదా. పొడవు, వెడల్పు, ఎత్తు సర్వే చేసి ఘనపరిమాణం కడతారు, దాన్ని సాంద్రతతో హెచ్చిస్తే టన్నులు వస్తాయి. సాంద్రత కొంచెం ఎక్కువ వేసుకుంటే కాగితం మీద సరుకు పెరుగుతుంది, సరుకు పెరిగితే లాభం పెరుగుతుంది. ఇది విన్నప్పుడు మాకు సంతలో కుంచమే గుర్తొచ్చింది. కుంచం ఎవరు పట్టుకున్నారు అన్న ప్రశ్న అంత పెద్ద ఫ్యాక్టరీలో కూడా ఉంది.

ఈ చదువు ఎలా సాగుతుంది

ఇప్పుడు పని సంగతి. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. పదో తరగతి తర్వాత పేరు నమోదు చేసుకోవచ్చు, పన్నెండో తరగతి రాశాక ఫౌండేషన్ పరీక్ష రాయాలి. అందులో నాలుగు పేపర్లు. ఇంటర్మీడియట్, ఫైనల్ రెండింటిలో ఆరేసి పేపర్లు, రెండు గ్రూపులుగా. డిగ్రీలో కామర్స్ వాళ్లకి 55 శాతం, మిగతావాళ్లకి 60 శాతం ఉంటే ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. అందరికీ అదే గీత. పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగు లేదు.

మధ్యలో ఆర్టికల్‌షిప్ ఉంటుంది. ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర చేరి పని నేర్చుకోవడం. ఆయన్ని "ప్రిన్సిపల్" అంటారు. 2023 జూలై 1 నుంచి దీన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గించారు. ఇప్పుడు ప్రీమియం లేదు, ఎదురు స్టైపెండే ఇస్తారు. కానీ నియమం ప్రకారం ఇవ్వాల్సిన కనీస మొత్తం తక్కువ, దానితో విశాఖలో గది అద్దె, మెస్ గడవడం కష్టం. ఆర్టికల్స్ చేస్తున్న ఒక సీనియర్ అక్కని అడిగితే చెప్పింది: ఇన్‌స్టిట్యూట్ ఫీజు ఎలాగో కట్టుకోవచ్చు, అసలు బరువు ఆ రెండేళ్లు ఇంటికి పైసా పంపకుండా బతకడమే అని. ఇంటి నుంచి "చదువు అయిపోయింది కదా, ఇంకా జీతం లేదా" అని ఫోన్ వస్తుంటే జవాబు చెప్పడం పరీక్ష కంటే కష్టం.

పని ఏం ఉంటుంది? మొదట్లో వోచింగ్. పుస్తకంలో ఖర్చు రాశారు, దానికి బిల్లు ఉందా, బిల్లు మీద తేదీ, పేరు, మొత్తం సరిపోయాయా, ఎవరు ఆమోదించారు అని ఒక్కొక్కటీ చూడటం. తర్వాత బ్యాంకు పుస్తకాన్ని మన పుస్తకంతో సరిపోల్చడం, సరుకు లెక్క చూడటం, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు. బాకీ ఉన్నవాళ్లకి, బ్యాంకులకి నేరుగా ఉత్తరం రాసి "మీ దగ్గర ఇంత ఉందంటున్నారు, నిజమేనా" అని అడగడం. విసుగు పుట్టించే పని అని అక్క చెప్పింది. ఆరు నెలలు గడిచాక మాత్రం కాగితం చూడగానే ఏదో తేడాగా ఉందని చెయ్యి ఆగుతుందంట.

ఆ ఉత్తరం ఎంత ముఖ్యమో మన తెలుగు నేలే దేశానికి చూపించింది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ చైర్మన్ లెక్కలు తప్పుడువని స్వయంగా ఉత్తరం రాశారు. 7,000 కోట్ల రూపాయలకి పైగా తేడా. బ్యాంకులో ఉన్నట్టు చూపించిన డబ్బులో చాలా భాగం అసలు లేదు. ఏళ్ల తరబడి ఆ లెక్కల మీద ఆడిటర్ల సంతకం ఉంది. 2015లో ప్రత్యేక కోర్టు దోషులని చెప్పిన 10 మందిలో ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు, తర్వాత అప్పీళ్లకి వెళ్లారు. ఆ తర్వాత కాలంలో ఆడిటర్ల మీద నిఘాకి 2018లో కొత్త సంస్థ వచ్చింది. 2019 నుంచి సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీదా విడి నంబరు ఉండాల్సిందే. సీఏలందరూ ధర్మరాజులని మేము చెప్పట్లేదు. ఆ సంతకానికి అంత బలం ఉంది, అది ఎటు వైపు అయినా పని చేయగలదు అని చెప్తున్నాం.

మనకెందుకు

1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. మన అనంతగిరి మండలం గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. అది మనందరికీ నోటికొచ్చు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: గని నడిపే సంస్థ నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి.

నికర లాభం అంటే ఏంటి? అది కొండ మీద కనిపించే రాయి కాదు. ఒకరు కూర్చొని కడితే వచ్చే అంకె. ఉదాహరణకి 100 కోట్ల సరుకు అమ్మారు అనుకోండి. తవ్వకం ఖర్చు 50. మిగిలింది 50, అందులో మనకి 10 కోట్లు. ఇప్పుడు అదే యజమానికి ఉన్న ఇంకో కంపెనీకి రవాణా కింద 20 ఇచ్చామని రాశారు. తల కంపెనీకి సలహా ఫీజు 10, అప్పు మీద వడ్డీ 10, యంత్రాల తరుగుదల 8. నికర లాభం 2. మన వాటా 40 లక్షలు. ఎక్కడా దొంగతనం జరిగినట్టు కనిపించదు, ప్రతి దానికీ బిల్లు ఉంటుంది. ఆ రవాణా రేటు బయట మార్కెట్‌లో ఎంత అని అడగగలిగినవాడు మన పక్షాన కూర్చోవాలి. 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి లాభం మీద కాకుండా రాయల్టీ మీద 10 లేదా 30 శాతం లెక్క పెట్టారు. రాయల్టీ టన్నుల మీద, ధర మీద నడుస్తుంది కాబట్టి దాచడం కొంచెం కష్టం. ఏ అంకె మీద వాటా అడగాలో తెలియడమే సగం పోరాటం.

2013 ఉప ప్రణాళిక చట్టం కూడా అంతే. జనాభా నిష్పత్తిలో నిధులు మనకి కేటాయించాలి. 2023లో దాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. నిధులు దారి మళ్లాయని మనం ధర్నాలు చేస్తాం. ఏ పద్దు నుంచి ఏ పద్దుకి మళ్లాయో బడ్జెట్ పుస్తకం తీసి చూపిస్తే ధర్నాకి బలం రెట్టింపు అవుతుంది. చిన్న సంగతి ఇంకొకటి: ఎస్టీలకి ఆదాయపు పన్ను లేదని మన ఉద్యోగుల్లో కొందరు అనుకుంటారు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలు, లద్దాఖ్ లాంటి చోట్ల ఉండే ఎస్టీలకి. ఐదో షెడ్యూల్ కింద ఉన్న మనకి లేదు.

కాఫీ రైతుల సంఘాలు, ఉత్పత్తిదారుల కంపెనీలు మన మన్యంలో పెరుగుతున్నాయి. కంపెనీగా పెట్టిన ప్రతి దానికీ ఏటా సీఏ ఆడిట్ తప్పనిసరి. ఆ సీఏ నర్సీపట్నం నుంచో విశాఖ నుంచో రావాలి. మన భాషలో మన రైతుకి లెక్క చదివి వినిపించే ఆడిటర్ ఉంటే, ఆ మాట పుట్టినప్పటి అర్థం మళ్లీ నిజం అవుతుంది.

ఇది కల కాదు అనడానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ కూడా మొదలైంది, 2009లో దానికి విడి సంస్థ ఏర్పడింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకి శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాని ఊరికి పంపి, మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగి "నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు చేశావా, డబ్బు అందిందా" అని అడిగించారు. తర్వాత గ్రామసభలో, మండల ప్రజావేదికలో అందరి ముందు చదివారు. 2011లో కాగ్‌తో సంప్రదించి కేంద్రం దీనికి నియమాలు చేసింది. ఇంటర్ చదివిన పిల్లలు మస్టర్ పట్టుకొని ఇంజనీర్‌ని నిలబెట్టి అడిగారు. 1922లో చింతపల్లి రోడ్డు మీద లేనిది ఇదే.

ఒక అభ్యంతరం

మాలోనే ఒకడు అన్నాడు: "మనవాడు సీఏ అయినా హైదరాబాద్ పోయి పెద్ద కంపెనీలో చేరతాడు, మన ఊరికి ఏం ఒరుగుతుంది?" నిజమే కావచ్చు. అప్పులు చేసి చదివినవాడు ముందు ఇల్లు నిలబెట్టుకోవాలి, తప్పు పట్టలేం. కానీ డాక్టర్ల విషయంలో, టీచర్ల విషయంలో కూడా ఇదే మాట అన్నారు. పదిమంది అయితే అందులో ఇద్దరు వెనక్కి చూస్తారు. ఒక్కరూ లేకపోతే వెనక్కి చూసేవాళ్లే ఉండరు.

అందరూ సీఏనే చేయాలని కూడా లేదు. కాస్ట్ అకౌంటెన్సీ ఉంది. కాగ్ ఆఫీసుల్లో ఆడిట్ ఉద్యోగాలు స్టాఫ్ సెలక్షన్ పరీక్షల ద్వారా వస్తాయి, వాటిలో ఎస్టీ రిజర్వేషన్ ఉంది. రాష్ట్రంలో గ్రూప్-2లో సీనియర్ ఆడిటర్ పోస్టులు ఉన్నాయి. సామాజిక తనిఖీ ఉంది. ఏ మెట్టు మీద నిలబడినా పుస్తకం చదవగలగాలి, అంతే.

ఐటీడీఏ అధికారులకి మన సంఘం తరఫున రెండు అడుగుదాం. ఒకటి, సివిల్స్, డీఎస్సీకి ఇస్తున్నట్టే సీఏ ఫౌండేషన్‌కి ఉచిత కోచింగ్. రెండు, ఆర్టికల్‌షిప్ రెండేళ్లు విశాఖలో హాస్టల్ వసతి. వినతిపత్రం ముసాయిదా మేము రాస్తాం, సంతకాలకి మీరు సిద్ధంగా ఉండండి.

ఈలోగా ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మవాళ్ల డ్వాక్రా సంఘం పుస్తకం అడిగి తీసుకోండి. జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత, వడ్డీ ఏ లెక్కన కట్టారో కూడి చూడండి. సరిపోయినా సరిపోకపోయినా, సంఘం మీటింగ్ రోజున అందరూ కూర్చున్నాక మన భాషలో గట్టిగా చదివి వినిపించండి.

జై ఆదివాసీ.